కోడిపిల్లల్ని పిల్లి ఎత్తుకెళ్తోందా? గంప, గూడు, జాలి, కుక్క, బోను: ఎవరికి ఏది పనికొస్తుంది

పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, పొద్దున్నే లెక్కపెడితే పిల్లలు తగ్గుతున్నాయి, వీధిలో ఓ గండుపిల్లి తిరుగుతోంది, దాన్ని ఏం చెయ్యాలి అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లిని ఏం చెయ్యాలి అన్న దగ్గర మొదలుపెడితే డబ్బులూ పోతాయి, టైమూ పోతుంది, కోడిపిల్లలు పోవడం మాత్రం ఆగదు. కోడిపిల్లని మొదటి రెండు నెలలు ఎక్కడ ఉంచుతున్నాం, రాత్రి ఎందులో పడుకోబెడుతున్నాం, ఆ తలుపుకి గడియ ఉందా లేదా అన్న దగ్గర మొదలుపెట్టాలి. పిల్లిని పట్టుకోవడం, తరమడం, కూనలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం ఇవన్నీ దాని తర్వాత మాట, వాటి గురించి కూడా చెప్తాను, ఎందుకంటే కొన్ని చోట్ల వాటి అవసరం నిజంగానే ఉంటుంది.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

పిల్లి కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి ఏది పోయినా దాని మీదకే వెళ్తుంది. గోడ మీద కూర్చుని మన కోళ్ళనే చూస్తూ ఉంటుంది కదా, అనుమానం రావడం సహజమే. కానీ పందికొక్కు చేసిన పనికి పిల్లిని తరిమితే పందికొక్కులు ఇంకా పెరుగుతాయి, అప్పుడు పిల్లలు ఇంకా పోతాయి. అందుకే ఇక్కడ కాస్త ఓపిగ్గా చూడాలి.

పిల్లి సాధారణంగా కోడిపిల్లని నోట కరుచుకుని ఎత్తుకుపోతుంది, పట్టుకున్న చోట పెద్దగా ఏమీ మిగలదు, వెతికితే మెట్ల కిందో గడ్డివాము చాటునో కాసిని ఈకలు దొరుకుతాయి. ఒకసారి రుచి మరిగితే మర్నాడు దాదాపు అదే వేళకి మళ్ళీ వస్తుంది, అదొక గుర్తు. ముంగిస అయితే మెడ దగ్గర కొరుకుతుంది, తల తినేసి ఒళ్ళు వదిలేసి పోతుంది, గుడ్లు కూడా పగలగొట్టి తాగేస్తుంది, పైగా ఎక్కువగా పగటి పూటే వస్తుంది. ఎలుకా పందికొక్కూ రాత్రిపూట కింద నుంచి వస్తాయి, పిల్లని కన్నంలోకి లాక్కెళ్తాయి, లాగలేకపోతే కాలు కొరికేసి వదిలేస్తాయి, పొద్దున కుంటుతున్న పిల్ల కనిపించిందంటే గూడు నేల చూడండి, ఎక్కడో కన్నం ఉంటుంది. పాము గుడ్డుని పెంకుతో సహా మింగేస్తుంది, చిన్న పిల్లల్నీ మింగుతుంది, మింగలేక వదిలేసిన పిల్ల తల దగ్గర తడితడిగా ఉంటుంది. కుక్క వస్తే పెద్ద కోళ్ళు కూడా రెండు మూడు చచ్చి అక్కడే పడి ఉంటాయి, తినదు, ఊరికే విదిలించి పారేస్తుంది. గద్దా కాకీ పట్టపగలే తన్నుకుపోతాయి, తల్లికోడి ఒక్కసారిగా గొంతు మార్చి అరుస్తుంది, ఆ అరుపు ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోరు.

ఇంకోటి ఉంది, చేల పక్కన, చెరుకు తోటల దగ్గర, చెరువు గట్ల మీద ఇళ్ళున్నవాళ్ళకి బావురుపిల్లి, పునుగుపిల్లి కూడా వస్తాయి. బావురుపిల్లి మన ఊరపిల్లి కంటే కాళ్ళు పొడుగ్గా, తోక పొట్టిగా ఉంటుంది, పెద్ద పెట్టని కూడా లాక్కుపోగలదు. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తాయి, ముంగిస కూడా అంతే, వీటిని పట్టుకోవడం చంపడం రెండూ నేరమే. కాబట్టి మీ దగ్గరకి వచ్చేది ఊరపిల్లా అడవి జంతువా అన్నది తెలియకుండా బోను పెట్టకండి.

తెలుసుకోడానికి సులువు పద్ధతి ఒకటి చెప్తా. గూడు చుట్టూ రాత్రి పడుకునే ముందు పొయ్యి బూడిదో జల్లెడ పట్టిన సన్న ఇసకో పల్చగా చల్లండి. పిల్లి అడుగు గుండ్రంగా నాలుగు వేళ్ళతో పడుతుంది, గోళ్ళ గుర్తు ఉండదు, నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి. కుక్క అడుగులో గోళ్ళ చివర్లు కనిపిస్తాయి. ముంగిస అడుగులో ఐదు వేళ్ళూ గోళ్ళూ కనిపిస్తాయి. ఇంటికి సీసీ కెమెరా ఉంటే దాన్ని నాలుగు రాత్రులు గూటి వైపు తిప్పితే ఇంకా మంచిది, వాదన ఉండదు.

ఏ పిల్లలకి ఎంత ప్రమాదం

పెద్దకోడి మీదకి ఊరపిల్లి సాధారణంగా వెళ్ళదు. నాటు పెట్ట కిలో పైన ఉంటుంది, ముక్కూ కాళ్ళూ బలం, పుంజు అయితే ఇంకా చెప్పక్కర్లేదు. ప్రమాదం అంతా గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచి ఆరు ఎనిమిది వారాల దాకా, అరకిలో దాటాక బాగా తగ్గుతుంది. అంటే మీరు కాపలా కాయాల్సింది ఏడాది పొడుగునా కాదు, ఒక్కో బ్యాచ్‌కి రెండు నెలలు. ఈ ఒక్క విషయం అర్థమైతే ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది.

తల్లి ఉన్న పిల్లలకీ తల్లి లేని పిల్లలకీ మాత్రం చాలా తేడా ఉంది. నాటు కోడి పొదిగిన పిల్లలు తల్లి వెనకే తిరుగుతాయి, తల్లి ఒక్క శబ్దం చేస్తే రెక్కల కిందకి దూరతాయి, అసీల్ జాతి తల్లి అయితే పిల్లి మీదకి ఎగిరి తన్నుతుంది కూడా. అదే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి పిల్లలు, అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలు, ఇవి హేచరీలో మిషన్ కింద పొదిగి వస్తాయి. అట్టపెట్టెలో తెచ్చుకుంటాం, వాటికి అమ్మా లేదు, దాక్కోవడం నేర్పేవాళ్ళూ లేరు. రాజశ్రీ పిల్లలు తెచ్చుకున్నా అంతే. పిల్లి దగ్గరకి వస్తే కొన్ని దాని దగ్గరకే నడుచుకుంటూ వెళ్తాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇలాంటి పిల్లలు తెచ్చుకునేవాళ్ళు ముందు గూడు కట్టుకుని తర్వాత పిల్లల్ని తెచ్చుకోవాలి, తెచ్చాక చూద్దాంలే అనుకోకూడదు.

మధ్యేమార్గం ఒకటుంది. మీ దగ్గర పొదుగుకొచ్చిన నాటు పెట్ట ఉంటే దాని కింద గ్రామప్రియ గుడ్లు వెయ్యండి, 21 రోజులకి లేస్తాయి. లేదా పొదుగులో ఉన్న పెట్ట కిందకి హేచరీ నుంచి తెచ్చిన ఒకటి రెండు రోజుల పిల్లల్ని రాత్రి చీకట్లో నెమ్మదిగా తోసెయ్యండి, చాలా పెట్టలు తెల్లారేసరికి తమ పిల్లలే అనుకుంటాయి, పొద్దున్నే దగ్గరుండి చూసుకోవాలి, పొడుస్తుంటే తీసెయ్యాలి. తల్లి కాపలా కంటే చవకైన కాపలా ఇంకోటి లేదు. అయినా రాత్రి మాత్రం తల్లితో సహా లోపల మూయాల్సిందే.

గంపా, గూడా, జాలి దొడ్డా

వెదురు గంప మనకి తాతల నాటిది, తక్కువ ఖర్చు, ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు, పగలు గడ్డి మీద బోర్లిస్తే పిల్లలు చీమలూ పురుగులూ ఏరుకుంటాయి, కాకి గద్ద బాధ ఉండదు. నలుగురు తిరుగుతున్న వాకిట్లో పగటిపూట పది పదిహేను పిల్లలకి గంప మించింది లేదు. రాత్రికి మాత్రం గంపని నమ్ముకోవద్దు. పిల్లి పంజాతో ఎత్తి పక్కకి తోసేస్తుంది, పైన రాయి పెట్టినా అల్లిక సందుల్లోంచి కాలు దూరుస్తుంది, మట్టినేల అయితే పందికొక్కు కింద నుంచి తవ్వుకొస్తుంది. కొంతమంది గంప మీద టార్పాలిన్ కప్పి తాడు కట్టేస్తారు, మే నెలలో అలా చేస్తే పిల్లలు ఊపిరాడక చనిపోతాయి, గోనెపట్టా అయితే కొంత నయం.

రాత్రి గూడు అంటే నా లెక్కలో నేల నుంచి అడుగున్నర రెండడుగుల ఎత్తున కాళ్ళ మీద నిలబడేది, మూడు వైపులా చెక్కో రేకో, ముందు వైపు జాలి, పైన కప్పు, తలుపుకి గట్టి గడియ. సైజు చిన్నదైనా ఫర్వాలేదు, సందు లేకపోవడం ముఖ్యం. పిల్లికి తల పట్టే సందు ఉంటే ఒళ్ళంతా పడుతుంది, పిల్లికూనకైతే మూడు వేళ్ళ సందు చాలు. పాత చెక్క పెట్టె, పాడైపోయిన కూలర్ బాడీ, డోర్ ఊడిపోయిన బీరువా ఇలాంటివాటికి జాలి బిగించి చక్కటి గూళ్ళు చేసినవాళ్ళు ఉన్నారు. గడియ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు, తాడు కట్టడం, కర్ర ఆనించడం, ఇటుక అడ్డం పెట్టడం ఇవేవీ గడియలు కావు. మడత గొళ్ళెం పెట్టి దానికో చిన్న తాళమో హుక్కో వెయ్యండి.

నా ఓటు దీనికే, ఒక్క ఏర్పాటుకే డబ్బులున్నాయి అంటే రాత్రి గూడు కట్టండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు జాలి. షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి ఆరు మూలల కన్నాలతో మెత్తగా ఉండే చికెన్ మెష్, చుట్ట చుట్టి ఇస్తారు, రేటు తక్కువ. రెండోది చదరం గళ్ళతో గట్టిగా ఉండే వెల్డ్ మెష్, దాని రేటు బాగా ఎక్కువ. చికెన్ మెష్ అన్న పేరు చూసి కోళ్ళకి ఇదే కదా అని అందరూ అదే తీసుకుంటారు, అది కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది గానీ బయటివాటిని ఆపడానికి కాదు. తీగ సన్నం, రెండు వానాకాలాలకి తుప్పు పడుతుంది, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకా త్వరగా పోతుంది, కుక్క పళ్ళతో లాగితే చిరిగిపోతుంది, పిల్లి బరువుకి కూడా అంచుల దగ్గర ఊడి వస్తుంది. వెల్డ్ మెష్‌లో అరంగుళం గళ్ళది తీసుకుంటే పిల్లి కాలు దూరదు, పెద్ద ఎలుక దూరదు, చాలా పాములు దూరవు. అంగుళం గళ్ళదైతే పిల్లి ఒళ్ళు దూరదు గానీ కాలు దూరుతుంది. గేజ్ అడిగేటప్పుడు గుర్తుపెట్టుకోండి, నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుంది, 22 గేజ్ కంటే 18 గేజ్ లావు.

కాలు దూరితే ఏమవుతుంది అంటారా, అదే అసలు గొడవ. కోడిపిల్లలు రాత్రి ఒకదాన్నొకటి ఒరుసుకుని మూలకి చేరి జాలికి ఆనుకుని పడుకుంటాయి. పిల్లి బయటే కూర్చుని గోళ్ళతో కాలో రెక్కో పట్టుకుని లాగుతుంది, పిల్ల బయటకి రాదు, ముక్క వస్తుంది. గూడు మూసే ఉంది, తలుపు వేసే ఉంది, అయినా లోపల పిల్ల చచ్చి ఉంది అని ఆశ్చర్యపోతుంటారు చూడండి, చాలాసార్లు కారణం ఇదే. దీనికి మందు సులువు, జాలి ఎలాంటిదైనా సరే కింది అడుగున్నర మేర రేకో ప్లైవుడ్ ముక్కో పాత ఫ్లెక్సీ రెండు మడతలో లోపలివైపు బిగించెయ్యండి. పిల్లలు పడుకునే ఎత్తులో జాలి కనిపించకూడదు, గాలి పై నుంచి ఆడుతుంది. డబ్బులు తక్కువైతే గోడంతా వెల్డ్ మెష్ పెట్టక్కర్లేదు, కింది రెండడుగులు వెల్డ్ మెష్, పైన చికెన్ మెష్ పెట్టుకోండి, రెండూ కలిసే చోట తీగతో దగ్గరదగ్గరగా కుట్టెయ్యండి.

బిగించేటప్పుడు ఉత్తి మేకులు కొడితే జాలి ఊడొస్తుంది, పైన చెక్క రీపరు పెట్టి స్క్రూలు వెయ్యాలి. నేలమీద కట్టే దొడ్డికైతే జాలి అంచు బయటివైపు ఓ అడుగు పరిచి మట్టి కప్పెయ్యండి, పిల్లి తవ్వదు గానీ కుక్కా ముంగిసా పందికొక్కూ తవ్వుతాయి.

పగటి దొడ్డికి పైకప్పు విషయం చాలామంది వదిలేస్తారు. ఆరడుగుల గోడ ఉందిగా అంటారు, పిల్లికి ఆరడుగుల గోడ లెక్కే కాదు, ఒక్క గెంతులో పట్టు దొరికితే పైకి పాకేస్తుంది, పక్కనే జామచెట్టో మునగచెట్టో ఉంటే ఇంకా సులువు. పైన నైలాన్ వల కట్టడం చవకలో మంచి పద్ధతి, మా గోదావరి జిల్లాల్లో చేపల చెరువుల మీద పక్షుల కోసం కట్టే వల, పాత చేపల వల ఇలాంటివి తక్కువలో దొరుకుతాయి. గద్దకీ కాకికీ వల గట్టి జవాబు, పిల్లికి కొంతవరకే. వల బిగుతుగా లాగి కట్టకండి, కాస్త వదులుగా వేలాడితే పిల్లి అడుగు పెట్టగానే ఊగుతుంది, దానికి నచ్చదు, వెనక్కి పోతుంది. పాముల తిరుగుడు ఉన్న చోట మాత్రం వల నేల దాకా వదలొద్దు, పాములు చిక్కుకుని చచ్చిపోతాయి, మనం చీకట్లో చెయ్యి పెడితే ప్రమాదం.

కుక్క, గిన్నికోడి, లైట్లు, వాసనలు

కుక్క ఉంటే పిల్లి రాదు అన్నది నిజమే, ఒక షరతు మీద, ఆ కుక్క కోళ్ళ మధ్యే పెరిగి ఉండాలి, రాత్రి విప్పి ఉండాలి. కట్టేసిన కుక్క తాడు ఎంత దూరం వస్తుందో పిల్లికి రెండు రోజుల్లో తెలిసిపోతుంది. కోళ్ళకి అలవాటు లేని కుర్రకుక్కని తెస్తే ఆటాడుకుంటూ పిల్లి కంటే ఎక్కువ పిల్లల్ని అదే చంపేస్తుంది. ఇప్పటికే ఇంట్లో పెద్ద వయసు కుక్క ఉంటే అదృష్టం, కోళ్ళ కోసమే కొత్తగా కుక్కని తెచ్చుకోవడం మాత్రం నేను చెప్పను, దాని తిండీ టీకాలూ బాధ్యతా గూడు ఖర్చు కంటే ఎక్కువ.

గిన్నికోళ్ళు రెండు పెట్టుకుంటే కొత్త జంతువు కనిపించగానే ఊరంతా వినపడేలా అరుస్తాయి, అవి పిల్లితో పోట్లాడవు, అరుస్తాయంతే. మీరు ఇంట్లో ఉండి వెంటనే లేచి వెళ్ళగలిగితే ఉపయోగం, పక్కింటివాళ్ళు దగ్గరగా ఉంటే గొడవ.

కదలికకి వెలిగే సోలార్ లైట్లు మొదటి కొన్ని రోజులు పనిచేస్తాయి, తర్వాత పిల్లి అలవాటు పడిపోతుంది. నీళ్ళు చల్లడం, చప్పట్లు కొట్టడం అంతే, మనం ఉన్నప్పుడే. నారింజ తొక్కలు, కాఫీ పొడి, మిరియాల పొడి వీటి వల్ల నష్టం లేదు, లాభం కూడా పెద్దగా లేదు, ఒక్క వాన పడితే పోతాయి. కలరా ఉండలు, ఫినాయిల్ మాత్రం వాడొద్దు, కలరా ఉండ కోడి పొడిచి మింగినా చిన్నపిల్లలు నోట్లో పెట్టుకున్నా విషమే, ఫినాయిల్ పిల్లి కాళ్ళకి అంటుకుని అది నాక్కుంటే దాని ప్రాణానికే ముప్పు.

పెంపుడు పిల్లి మెడలో గంట కట్టమని చెప్తుంటారు. 2021లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు పెంపుడు పిల్లుల మీద చేసిన పరిశీలనలో గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మాంసం ఎక్కువున్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం, రోజూ ఐదు పది నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గింది. అంటే తిండి పెడితే వేట తగ్గుతుంది గానీ ఆగదు. పొరుగింటివాళ్ళ పిల్లి వస్తోందని తెలిస్తే ఈ లెక్క వాళ్ళకి చెప్పండి, పోట్లాటగా కాదు, "పిన్నిగారూ, మా కోడిపిల్లలు పెద్దయ్యేదాకా సాయంత్రం మీ పిల్లికి కాస్త ముందే అన్నం పెట్టి లోపల ఉంచుతారా" అంటే చాలామంది కాదనరు. పిల్లి వేటకి బయల్దేరేది ఎక్కువగా చీకటి పడే వేళ, తెల్లవారే వేళ, ఆ రెండు వేళలు కాచుకున్నా చాలా లాభం.

పట్టి వదిలెయ్యడం, మందు పెట్టడం

బోను పెట్టి పట్టుకుని ఊరి చివరో కాలవ అవతలో వదిలేసి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. దీని ఫలితం మీద నాకు నమ్మకం లేదు. దగ్గర్లో వదిలితే తిరిగొచ్చేస్తుంది, దూరంగా వదిలితే తిండి తెలీక, అక్కడి పిల్లుల చేతిలో దెబ్బలు తిని చస్తుంది, ఇక్కడ ఖాళీ అయిన చోటుకి ఇంకో పిల్లి వస్తుంది. ఆకలితో మాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. ఇంకా బాధాకరం ఏంటంటే, బోనులో పడేది చాలాసార్లు కూనల తల్లి, ఎందుకంటే కూనలున్న పిల్లే ఎక్కువ ఆకలితో ఎక్కువ తెగించి వస్తుంది, దాన్ని తీసుకెళ్ళి వదిలేస్తే అటక మీదో గడ్డివాములోనో కళ్ళు తెరవని కూనలు అరిచి అరిచి చచ్చిపోతాయి.

విషం సంగతి గట్టిగా చెప్పాలి. ఎలకల మందు కలిపిన చేపముక్క, గుళికల మందు కలిపిన అన్నం, ఇవి పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ ప్రకారం జంతువుకి విషం పెట్టి చంపితే ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. చట్టం పక్కన పెట్టండి, ఆ ముక్కని పిల్లే తింటుందని ఎవరు చెప్పారు, ముందు పొడిచి చూసేది మన కోడే, తర్వాత పక్కింటి కుక్క, ఆ తర్వాత ఆడుకుంటున్న పసిపిల్లాడి చెయ్యి. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, ఆ ప్రాణం మీద గౌరవం ఉంచమనే అన్నారు. కరెంటు తీగలు, ఉచ్చులు గురించి అయితే ఆలోచించను కూడా వద్దు, అర్ధరాత్రి పెరట్లోకి వెళ్ళిన ఇంటిమనిషికే ప్రాణం మీదకొస్తుంది.

ఆపరేషన్ ఎప్పుడు సరైనది

ఒకటో రెండో పిల్లులు ఉన్న వీధిలో గూడు సరిపోతుంది. కానీ వీధిలో చేపల మార్కెట్టో చికెన్ షాపో ఉండి పిల్లుల గుంపే తయారైతే, ప్రతి మూడు నాలుగు నెలలకీ కొత్త కూనలు కనిపిస్తుంటే, అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఆడపిల్లి ఐదారు నెలల వయసుకే కట్టగలదు, రెండు నెలలకి ఈనేస్తుంది, మూడు నుంచి ఐదు కూనలు, అవి ఏడాది తిరక్కుండా మళ్ళీ తల్లులవుతాయి, ఈ లెక్క తెలిసినవాళ్ళెవరికీ పట్టి వదిలెయ్యడం మీద ఆశ ఉండదు. ఆపరేషన్ చేయించి అదే వీధిలో వదిలితే ఆ పిల్లి తన చోటు తను కాచుకుంటుంది, కొత్తవాటిని రానివ్వదు, సంఖ్య నెమ్మదిగా తగ్గుతుంది, మగపిల్లుల అరుపులూ పోట్లాటలూ తగ్గుతాయి. ఆపరేషన్ అయిన పిల్లికి గుర్తుగా ఎడమ చెవి చివర కొద్దిగా కత్తిరిస్తారు, అలాంటిదాన్ని మళ్ళీ పట్టక్కర్లేదు.

హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు జంతువుల కోసం పనిచేస్తున్నాయి, చిన్న ఊళ్ళలో పశువైద్యుడిని అడిగి చూడండి, నలుగురు ఇళ్ళవాళ్ళు కలిసి ఖర్చు పంచుకుంటే భారం ఉండదు. కూనలకి రెండు నెలలు నిండాక తల్లినీ వాటినీ కలిపి పట్టించండి. అయితే ఒక మాట సూటిగా చెప్పాలి, ఆపరేషన్ అయినా పిల్లి వేట మానదు. ఈ వారం మీ కోడిపిల్లల్ని కాపాడేది అది కాదు, వచ్చే ఏడాదికి ఆ వీధి తీరు మార్చేది.

ఇంకో వైపు కూడా చూడండి, పిల్లి పూర్తిగా లేకుండా పోతే దాణా బస్తాల దగ్గర ఎలకలు పెరుగుతాయి. తవుడూ నూకలూ మూతలేని బుట్టలో పెట్టే ఇంట్లో పిల్లి చేసే మేలు కూడా ఉంది. గూడు గట్టిగా ఉన్న ఇంట్లో పిల్లి తిరగడం నాకైతే ఇష్టమే.

మనమే పిలుస్తున్నామేమో

కోడిని కోసిన రోజు పేగులూ ఈకలూ పెంటకుప్ప మీద పడేస్తే పిల్లికి అదే పిలుపు. చచ్చిన పిల్లని గోడ అవతలకి విసిరినా అంతే, కోడిపిల్ల రుచి మనమే చూపించినట్టవుతుంది. వ్యర్థాలన్నీ లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత నష్టం జరిగిందో మనం చూశాం, ఆ వైరస్ చచ్చిన కోళ్ళని తిన్న పిల్లులకి కూడా సోకుతుంది. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చస్తుంటే ఉత్త చేతులతో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి. ఐదారు రోజుల పిల్లలకి కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు వేయించడం కూడా మర్చిపోవద్దు, జబ్బుతో వెనకబడిన పిల్లే ముందు పిల్లికి చిక్కుతుంది.

మీ ఇంటికి ఏది

పల్లెలో మట్టి పెరడు, ఒక తల్లికోడి, పది పిల్లలు ఉన్నవాళ్ళకి పగలు గంప, రాత్రి కాళ్ళ మీద చిన్న గూడు, అంతకుమించి అక్కర్లేదు.

హేచరీ నుంచి యాభై వంద పిల్లలు తెచ్చేవాళ్ళు గదిలోనో షెడ్డులోనో బ్రూడర్, అంటే బల్బు వేడితో పిల్లల్ని వెచ్చగా ఉంచే ఏర్పాటు, పెట్టుకోండి, మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి కొంచెం కొంచెం తగ్గించాలి. చలికాలంలో ఆ బల్బు వెచ్చదనానికే పిల్లి వచ్చి పడుకుంటుంది, కాబట్టి బ్రూడర్ చుట్టూ అట్ట కట్టి ఊరుకోకుండా పైన జాలి మూత కూడా పెట్టాలి, కిటికీలకి అరంగుళం వెల్డ్ మెష్, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ. ఇంత సంఖ్య ఉన్నప్పుడు పిల్లి ఒక్కసారి లోపలికి దూరితే తినేది ఒకటే అయినా కంగారులో గుంపుగా పరిగెత్తి ఒకదాని మీద ఒకటి పడి చచ్చేవి చాలా ఉంటాయి, అక్కడ ఖర్చుకి వెనకాడొద్దు.

టౌన్‌లో డాబా మీద పెంచుకునేవాళ్ళకి నాలుగు వైపులా, పైనా వెల్డ్ మెష్ ఉన్న ఇనప పంజరం కొనుక్కోవడమే మంచిది, పక్క డాబా నుంచి పిల్లులు గెంతుతాయి, పైగా ఎండకి సగం నీడ కట్టాలి. అద్దె ఇల్లయితే విప్పి తీసుకెళ్ళేలా నట్లూ బోల్టులతో చేయించండి. పెద్ద పుంజులూ పెట్టలూ మాత్రమే ఉన్నవాళ్ళకి పిల్లి గురించి దిగులు అక్కర్లేదు, కుక్క గురించీ బావురుపిల్లి గురించీ గూడు గట్టిగా ఉంటే చాలు.

పిల్లి నోట్లోంచి తప్పించుకున్న కోడిపిల్ల ఉంటే గాయం చిన్నదే కదా అని వదలొద్దు, పిల్లి పంటి గాట్లు లోపల చీము పడతాయి, ఉప్పునీళ్ళతో కడిగి వెచ్చగా విడిగా ఉంచి పశువైద్యుడికి చూపించండి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. మీకే పిల్లి గీరినా కరిచినా అదే క్షణం కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, పసుపూ కారం పెట్టకండి, పీహెచ్‌సీకి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసేది 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది, మొదటి డోసు వేయించుకుని తగ్గిపోయింది కదా అని మిగతావి ఆపకండి.